కర్నూలు ఎండల్లో పెంపుడు పాము: మొదట పెట్టె, తరువాతే పాము

పామును పెంచుకోవాలని ఉందంటూ సలహా అడిగేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది అది ఎక్కడ దొరుకుతుంది, ధర ఎంత అని. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉండేవారు తమను తాము ముందుగా అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు, కరెంటు పోయి గంట దాటిన తరువాత, మీ ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే మూలలో వేడి ఎన్ని డిగ్రీలు? దీనికి అంచనాగా కాకుండా, థర్మామీటరు చూసి పుస్తకంలో రాసుకున్న జవాబు మీ దగ్గర ఉంటేనే మిగిలిన విషయాలకు అర్థం ఉంటుంది. పాముల పెంపకం గురించి అందుబాటులో ఉన్న సమాచారంలో చాలా భాగం చలి దేశాలవారు రాసుకున్నది కాబట్టి, పెట్టెను ఎలా వేడిగా ఉంచాలన్న దాని మీదే వారి దృష్టి అంతా ఉంటుంది. మన సీమలో ఏడాదికి రెండు నెలలు తప్ప వేడి కోసం వెతుక్కోవలసిన పని లేదు. చల్లదనాన్నీ, గాలిలో తేమనూ నిలబెట్టడమే ఇక్కడ అసలైన పని.

నేను కర్నూలులో బాల్ పైథాన్ అనే, విషం లేని ఒక ఆఫ్రికా పామును ఏడేళ్ళుగా పెంచుతున్నాను. కింద రాసినదంతా ఆ ఒక్క జాతిని దృష్టిలో పెట్టుకుని రాసినదే.

మన పుట్టలో పాము మన ఇంట్లోకి రాకూడదు

అన్నిటికన్నా ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు అడవుల్లో, పొలాల్లో సహజంగా బతికే పాములను పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం, కొనడం నేరాలు. నాగుపాము, రక్తపింజర వంటి విషసర్పాలకే ఈ రక్షణ అని కొందరు అనుకుంటారు. పొలం గట్ల మీద ఎలుకలను తిని రైతుకు మేలు చేసే జెర్రిపోతు, చెరువుల్లో కనిపించే నీరుకట్టు పాము, నల్లమల అంచుల్లో తిరిగే కొండచిలువ కూడా ఈ చట్టం నీడలో ఉన్నవే. కొండచిలువ ఆ చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితా అయిన మొదటి షెడ్యూలులోని ప్రాణి. 2022లో చేసిన సవరణ తరువాత, ఆ షెడ్యూలులోని జంతువుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి.

మన జిల్లాల్లో రెండు తలల పాము గురించి ప్రత్యేకంగా చెప్పక తప్పదు. ఎర్ర నేలల్లో, ఇసుక నేలల్లో బతికే ఈ సాధువైన పాముకు ఉన్నది ఒకే తల. తోక మొండిగా తలలాగే ఉండటం వల్ల, శత్రువు దాడి చేసినప్పుడు తోకను పైకెత్తి అసలు తలను కాపాడుకుంటుంది. ఇది ఇంట్లో ఉంటే లక్ష్మి కలిసి వస్తుందనీ, కోట్లు పలుకుతుందనీ చెప్పే మాటల్లో వీసమెత్తు నిజం లేదు. ఆ మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు, జైలుకు వెళ్ళినవారూ ఉన్నారు, వీరందరికన్నా ఎక్కువగా నష్టపోయింది మాత్రం ఆ పాము. ఎవరైనా మీకు ఈ పామును పెంపుడు ప్రాణిగా ఇస్తామని వస్తే, అటవీ శాఖకు తెలియజేయడమే సరైన పని.

ఇక మిగిలేవి విదేశీ జాతులు. వాటిలో మన దేశపు పెంపకందారుల దగ్గర ఎక్కువగా కనిపించేవి పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్, అమెరికా ఆగ్నేయ ప్రాంతానికి చెందిన కార్న్ స్నేక్. ఈ రెండింటికీ విషం లేదు. బాల్ పైథాన్, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోని రెండవ అనుబంధంలో ఉంది కాబట్టి, 2022 సవరణతో మన చట్టంలో కొత్తగా చేర్చిన నాల్గవ షెడ్యూలు దానికి వర్తిస్తుంది. ఆ సవరణను అనుసరించి 2024లో వచ్చిన నియమాల ప్రకారం, ఇటువంటి ప్రాణి మీ చేతికి వచ్చిన 30 రోజుల లోపల కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో దానిని నమోదు చేయించాలి. అమ్మేవారి పేరు మీద ఉన్న నమోదు పత్రం, అది మీకు బదిలీ అయినట్టు రాతపూర్వకమైన ఆధారం చేతిలో పడకుండా డబ్బు ఇవ్వకండి. కాగితాలు తరువాత పంపుతామని చెప్పేవారి దగ్గరా, పామును బస్సు పార్సిలులో వేస్తామని చెప్పేవారి దగ్గరా కొనకూడదు. అట్టపెట్టెలో, బస్సు డిక్కీలో, మన ఎండల్లో వందల కిలోమీటర్లు ప్రయాణించిన పిల్ల పాము బతికి చేరడమే కష్టం. నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి, కొనే ముందు మీ జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి ఒకసారి స్వయంగా వెళ్ళి అడగడం మంచిది. కార్న్ స్నేక్ సైటిస్ జాబితాలో లేదు. అయినా అది ఎక్కడ పుట్టిందో, ఎలా వచ్చిందో చెప్పే ఆధారాలను అంతే పట్టుదలగా అడగాలి.

ఖాళీ పెట్టెతో ఒక వేసవి

నా సలహా చాలామందికి నచ్చదు, అయినా అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పెట్టెను ముందుగా సిద్ధం చేసి, అందులో పామును పెట్టకుండా, ఏప్రిల్, మే నెలలు గడవనివ్వండి. రోజుకు మూడుసార్లు, అంటే తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య, రాత్రి పది గంటలకు, పెట్టె లోపలి వేడినీ తేమనూ ఒక నోటు పుస్తకంలో రాయండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ కార్తె దాటేవరకు మీ పెట్టెలో చల్లని వైపు 28 డిగ్రీల సెల్సియస్‌కు మించకుండా నిలపగలిగితే మీ ఇల్లు పాముకు సిద్ధంగా ఉన్నట్టు. నిలపలేకపోతే ఆ సంగతి ఒక ప్రాణి మీద పరీక్షించకుండానే తెలిసినందుకు సంతోషించండి.

నేను ఈ పని చేయకుండానే మొదలుపెట్టాను. మొదటి వేసవిలో నా పెట్టె పై అంతస్తు గదిలో, నేరుగా స్లాబు కింద ఉండేది. ఒక మధ్యాహ్నం మూడు గంటలపాటు కరెంటు లేదు, నేను ఇంట్లో లేను. తిరిగి వచ్చేసరికి పాము నీళ్ళ గిన్నెలో చుట్ట చుట్టుకుని, తలను మాత్రం అంచు మీద ఆనించి, నోరు కొద్దిగా తెరిచి ఊపిరి తీస్తోంది. గోడకున్న మీటరు 39 చూపించింది. కింది గదిలో చీకటి మూలకు చేర్చి, గది వేడిలోనే ఉన్న మామూలు నీటితో తడిపిన బట్ట కప్పితే రెండు గంటల తరువాత కోలుకుంది. అది బతకడం నా తెలివి వల్ల కాదు. ఆ రోజు ఇంకొక గంట ఆలస్యమై ఉంటే ఈ వ్యాసం రాసే అర్హత నాకు ఉండేది కాదు.

బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒక వైపు 31 నుంచి 33 డిగ్రీలు, రెండో వైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. తిన్నది అరిగించుకోవడానికి వేడి వైపుకు, చల్లబడటానికి చల్లని వైపుకు జరుగుతూ తన అవసరాన్ని తానే చూసుకుంటుంది. పెట్టె అంతా ఒకే వేడిలో ఉంటే దానికి ఆ వెసులుబాటు ఉండదు. 35 దాటిన వేడిలో తప్పించుకునే చోటు లేకపోతే అది యాతన పడుతుంది, 40 దరిదాపుల్లో గంటల తరబడి ఉంటే ప్రాణమే పోవచ్చు. అనంతపురంలోనూ కర్నూలులోనూ వేసవిలో బయట 42, 43 డిగ్రీలు సాధారణమన్న సంగతి మనకు తెలిసిందే.

ఇంట్లో చోటు ఎంచుకునేటప్పుడు పాతకాలపు మట్టి మిద్దె ఉన్నవారు అదృష్టవంతులు. రెండు మూడు అడుగుల మందం గోడలు, పైన మట్టి కప్పు ఉన్న ఆ ఇళ్ళలో లోపలి గది మధ్యాహ్నం కూడా ఎంతో నిలకడగా ఉంటుంది. స్లాబు ఇల్లయితే కింది అంతస్తులో, పడమటి గోడకు దూరంగా, నేరుగా ఎండ పడని గదిని ఎంచుకోవాలి. కడప బండలు గానీ బేతంచెర్ల బండలు గానీ పరిచిన నేల మీద పెట్టెను తక్కువ ఎత్తులో ఉంచితే మూడు నాలుగు డిగ్రీల తేడా కనిపించడం నేను కొలిచి చూశాను. పెట్టె లోపల చల్లని వైపున చేయి వెడల్పు కడప బండ ముక్కను, అంచులు అరగదీసి, కదలకుండా పరిస్తే, వేసవి మధ్యాహ్నాల్లో పాము దాని మీదే పడుకుంటుంది.

ఏసీ ఉన్నవారు దానిని 26 దగ్గర పెట్టుకోవచ్చు, కాని ఏసీ గాలిలోని తేమను లాగేస్తుందని మరచిపోకూడదు. మన పొడి గాలికి నీటి కూలర్ చక్కగా పనిచేస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత వేగంగా ఆవిరై అంతగా చల్లబరుస్తుంది, పైగా తేమనూ ఇస్తుంది. కూలర్ గాలి పెట్టె మీదకు నేరుగా కొట్టకూడదు; కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి, గది మొత్తాన్ని చల్లబరచాలి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమ ఉన్న రోజుల్లో కూలర్ అంతగా పనిచేయదు, అప్పుడు దాని అవసరం కూడా తక్కువే.

కరెంటు పోయే రోజుల కోసం ఫ్రీజరులో రెండు లీటర్ల నీళ్ళ సీసాలు నాలుగైదు ఎప్పుడూ గడ్డకట్టి ఉండాలి. వాటికి మందపాటి బట్ట చుట్టి, పెట్టె చల్లని వైపున వలమూత మీద పెడితే చల్లని గాలి కిందకు దిగుతుంది. సీసాను పాము ఒంటికి తగిలేలా లోపల పెట్టకూడదు. ఒకవేళ పాముకు వడదెబ్బ తగిలినట్టు అనిపించినా ఐసు నీళ్ళలో ముంచకూడదు; ఒక్కసారిగా వచ్చే ఆ మార్పు వేడి కంటే ప్రమాదం.

పెట్టె, దాని లోపలి అమరిక

పెద్దయిన బాల్ పైథాన్ మూడు నుంచి ఐదు అడుగుల పొడవు ఉంటుంది. దానికి నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు ఉన్న పెట్టె కావాలి. పిల్ల పామును కూడా ఇందులో ఉంచవచ్చు, కాకపోతే ఆకులు, చెక్కలు, గూళ్ళు ఎక్కువగా పెట్టి ఖాళీ చోటు కనిపించకుండా చేయాలి. విశాలమైన ఖాళీ దానికి స్వేచ్ఛలా కాక భయంలా తోస్తుంది. మన వడ్రంగులు ప్లైవుడ్‌తో, ముందు వైపు జరిపే గాజు తలుపులతో చక్కగా చేసి ఇవ్వగలరు. పైన గాలి ఆడే వలమూత, తలుపుకు తాళం తప్పనిసరి. తల పట్టిన సందులో పాము ఒళ్ళంతా పడుతుందన్నది గుర్తుంచుకుని, వేలు దూరే ప్రతి సందునూ మూయించండి.

లోపల నేలకు కొబ్బరి పొట్టు, కొబ్బరి చెక్కు ముక్కలు శ్రేష్ఠం. నర్సరీల్లో ఇటుకల్లా దొరికే కోకోపీట్‌ను నానబెట్టి, పిండి, ఆరబెట్టి రెండు మూడు అంగుళాల మందాన పరవాలి. దేవదారు, పైన్ చెక్కల పొట్టు వాడకండి, వాటి నూనె వాసన ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. వేడి వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, ఒళ్ళు నలువైపులా తగిలేంత బిగువుగా రెండు గూళ్ళు ఉండాలి. ఒక్కటే పెడితే, భద్రత కోసం ఇష్టం లేని వేడిలోనే అది రోజులు గడుపుతుంది.

ఈ గూడు విషయంలో మన కుమ్మరివాడి కుండను మించినది నాకు కనిపించలేదు. మెరుగు పూయని మట్టి కుండకు పక్కన పాము దూరేంత రంధ్రం చేసి, అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్ది, బోర్లించి పెట్టండి. వేసవిలో రోజూ ఉదయం కుండ పై భాగాన్ని నీళ్ళతో తడిపితే, ఆ నీరు మట్టిలోకి ఇంకి మెల్లగా ఆవిరవుతూ లోపలిని చల్లగా, తేమగా ఉంచుతుంది. మన ఇంట్లో తాగునీటికి కుండ చేసే పనే పాముకూ చేస్తుంది.

గాలిలో తేమ 55 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. వేసవి మధ్యాహ్నాల్లో మన గాలిలో ఇది నాలుగోవంతుకు పడిపోయే రోజులు ఉంటాయి కాబట్టి, పైమూతలో సగానికి పైగా ప్లాస్టిక్ పలకతో మూసి, పాము మొత్తంగా మునిగేంత వెడల్పైన బరువైన నీళ్ళ గిన్నె పెట్టి, పొట్టు అడుగు భాగం మాత్రమే తడిచేలా మూలల్లో నీళ్ళు పోయాలి. పై పొర తడిసి ముద్దగా ఉంటే పొట్ట పొలుసులకు పుళ్ళు పడతాయి.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం వేడి అవసరమవుతుంది. పెట్టెలో మూడోవంతు కింద హీట్ మ్యాట్ గానీ, పైన తీగ పంజరంలో వెలుగు లేని సెరామిక్ హీటరు గానీ అమర్చుకోవచ్చు, కాని వేడిని తనంతట తానే అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా ఏదీ పెట్టకండి. నియంత్రణ లేని హీటరు మీద పాము కాలుతున్నా లేవకుండా పడుకుని పొట్ట కాల్చుకోవడం ఈ పెంపకంలో తరచుగా జరిగే ప్రమాదం. వేడి రాళ్ళ పేరుతో అమ్మేవాటిని కొనకండి. గోడకు అంటించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మకుండా, వైరు చివర సెన్సారు ఉన్న డిజిటల్ మీటర్లు రెండు, రెండు వైపులా నేల మట్టానికి పెట్టాలి. పాము ఉండేది అక్కడే.

ఇంటికి వచ్చిన తరువాత

ఎంచుకునేటప్పుడు నడుము గుండ్రంగా నిండి ఉందా, కళ్ళు తేటగా ఉన్నాయా, ముక్కు దగ్గర బుడగలు, నోటి చుట్టూ చొంగ ఉన్నాయా, మల ద్వారం శుభ్రంగా ఉందా అన్నవి చూడాలి. మీ కళ్ళ ముందు అది ఒకసారి తినడం చూపించగలిగిన పెంపకందారు దగ్గరే కొనడం మేలు, ఎందుకంటే ఈ జాతికి అలిగి తిండి మానే అలవాటు ఉంది.

వచ్చిన మొదటి వారం దానిని ముట్టుకోకండి. పెట్టె ముందు ఒక బట్ట కట్టి, నీళ్ళు మార్చడం తప్ప ఏమీ చేయకుండా వదిలేయాలి. బంధువులను పిలిచి చూపించడం, ఫోటోలు తీయడం అన్నీ తరువాత. వారం తరువాత మొదటి ఆహారం ఇవ్వండి.

ఆహారం ఎలుకలు, చుంచెలుకలు. పాము ఒంటిలో అన్నిటికన్నా లావైన చోట ఎంత మందం ఉందో ఎలుక అంతే మందం ఉంటే సరిపోతుంది. పిల్ల పాముకు వారానికి ఒకటి, పెద్దదానికి రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి చాలు. ప్రయోగశాలల్లో పెంచే తెల్ల ఎలుకలను పెంపకందారుల దగ్గర తెచ్చుకోవాలి. పొలంలో, ఇంట్లో పట్టిన ఎలుకలను ఎన్నడూ వేయకూడదు. మన వేరుశనగ చేలల్లో, గోదాముల్లో ఎలుకల మందు ఎంతగా వాడతారో మనకు తెలుసు. మందు తిన్న ఎలుకను తిన్న పామూ చస్తుంది. ప్రాణమున్న ఎలుకను వేయడం కూడా సరికాదు. అది ఎలుకకు అనవసరమైన హింస, పైగా ఆకలి లేని పామును ఎలుకే కొరికి ఒళ్ళంతా గాయాలు చేసిన సందర్భాలు ఉన్నాయి. చంపి గడ్డకట్టించిన ఎలుకను ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో కింది అరకు మార్చి, మరునాడు కవరులో పెట్టి గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, ఒంటి వేడికి వచ్చాక, పొడవైన పట్టకారుతో అందించాలి. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. తిన్న తరువాత 48 గంటలు పామును కదిలించకూడదు, కదిలిస్తే కక్కుకుంటుంది. ఒకసారి కక్కితే రెండు వారాలు ఆగి, అంతకంటే చిన్న ఎలుకతో మళ్ళీ మొదలుపెట్టాలి.

పెద్ద బాల్ పైథాన్ చలికాలంలో రెండు మూడు నెలలు తిండి మానేయడం వింత కాదు. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకోండి. బరువు పెద్దగా తగ్గకుండా ఉంటే ఓపిక పట్టాలి. తగ్గుతూ పోతుంటే వైద్యుడిని కలవాలి. బలవంతంగా నోట్లో కుక్కే పని మీరు చేయకండి.

పాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఆచారం మా ఇంట్లోనూ ఉంది, మా అమ్మ ఇప్పటికీ ఉపవాసం ఉంటుంది. ఆ భక్తి వేరు, పాము ఆకలి వేరు. పాము మాంసాహారి, పాలను అరిగించుకునే శక్తి దానికి లేదు. దప్పికతో మాడ్చిన పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుంది, దానిని చూసే పాలు తాగుతుందని జనం అనుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతో పాల గిన్నె తెస్తే, నొప్పించకుండా నచ్చజెప్పి, ఆ గిన్నెలో మంచినీళ్ళు పోయించండి.

పిల్ల పాము నెల, నెలన్నరకు ఒకసారి కుబుసం విడుస్తుంది, పెద్దయ్యేకొద్దీ ఆ వ్యవధి పెరుగుతుంది. ముందుగా ఒళ్ళు మసకబారి, కళ్ళు నీలంగా పాలపొర కమ్మినట్టు అవుతాయి. ఆ రోజుల్లో దానికి చూపు సరిగా ఆనదు, చిరాకు ఎక్కువ, కాబట్టి ముట్టుకోకుండా కుండ గూటిలో తడి కొబ్బరి పీచు పెట్టి తేమను పెంచండి. కుబుసం మేజోడులా ఒకే ముక్కగా రావాలి. ముక్కలు ముక్కలుగా వచ్చిందంటే తేమ చాలలేదని అది మీకు చెబుతున్నట్టు. ఒంటికి మిగిలిన ముక్కలను తడిబట్టల మధ్య నుంచి పాకనిచ్చి వదిలించవచ్చు. కంటి మీది పొర ఊడకపోతే గోటితో పీకకండి, కన్ను పోతుంది. వచ్చిన కుబుసంలో కళ్ళ పొరలు రెండూ ఉన్నాయో లేదో ప్రతిసారీ చూడటం అలవాటు చేసుకోండి.

ఎత్తుకునేటప్పుడు తల మీదుగా కాకుండా పక్క నుంచి, రెండు చేతులతో, నడుము కింద ఆధారం ఇస్తూ తీసుకోవాలి. బంతిలా ఉండ చుట్టుకుని తల దాచుకుంటే అది భయపడిందని అర్థం. బాల్ పైథాన్ అన్న పేరు వచ్చింది ఆ అలవాటు వల్లనే. అప్పుడు తిరిగి పెట్టెలో వదిలేయండి. వారానికి రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు చాలు. కుక్క, పిల్లిలాగా అది మిమ్మల్ని చూసి సంతోషించదు. మీ చేతుల్లో బెదరకుండా ఉండటమే అది మీకు ఇవ్వగలిగిన నమ్మకం, నా మటుకు నాకు అది తక్కువైనది కాదు.

జబ్బులు, ఇంటి అలవాట్లు

ఊపిరి తీసేటప్పుడు గురగుర, ముక్కు నుంచి బుడగలు, తలపైకెత్తి నోరు తెరిచి ఉండటం శ్వాసకోశ వ్యాధికి గుర్తులు. పొలుసుల మధ్య నల్లటి మిరియపు నలకల్లాంటి పురుగులు కదులుతుంటే, పాము ఎప్పుడూ నీళ్ళ గిన్నెలోనే ఉంటుంటే, మైట్స్ పట్టాయని అనుమానించాలి. పశువుల పిడుదుల మందును కొలత తెలియకుండా పూయడం వల్ల పాము చనిపోవచ్చు. మన పశువైద్యుల్లో పాములను చూసినవారు తక్కువ. ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాల వంటి చోట ముందుగానే విచారించి, చూడటానికి ఒప్పుకునే వైద్యుడెవరో తెలుసుకున్న తరువాతే పామును తెచ్చుకోవాలి.

మన ఇళ్ళలో సాయంత్రం సాంబ్రాణి ధూపం వేస్తాం, దోమల చుట్టలు వెలిగిస్తాం, బొద్దింకలకు స్ప్రే కొడతాం. పాము ఉన్న గదిలో ఇవేవీ పనికిరావు. దోమల మందుల్లోని రసాయనాలు పాములకు విషంతో సమానం. కిటికీలకు దోమ వల కొట్టించుకోవడం ఒక్కటే దారి. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు కాబట్టి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, నీళ్ళ గిన్నెను వంటింటి సింకులో కడగకూడదు. ఐదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, జబ్బుతో ఉన్న వృద్ధులు దానిని ముట్టుకోకపోవడమే క్షేమం. అద్దె ఇల్లయితే యజమానికి ముందే చెప్పండి.

ఇంకొక జాగ్రత్త. ఇంట్లో పాము ఉందని అలవాటుపడిన పిల్లలు పెరట్లో కనిపించిన పామును కూడా మన పామే అనుకుని చేయి చాపే ప్రమాదం ఉంది. బండలు, ముళ్ళకంపలు ఉన్న మన నేలల్లో చిన్నపింజర తిరుగుతూ ఉంటుంది. బయట ఏ పాము కనిపించినా దూరం జరిగి పెద్దలను పిలవాలని పిల్లలకు పదేపదే చెప్పండి. ఎవరికైనా కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం మాని, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూదిమందు ఉండే ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి.

ఎన్నేళ్ళ బాధ్యత

మంచి సంరక్షణలో బాల్ పైథాన్ 20 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలలో 60 ఏళ్ళు దాటిన ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. ఇంటరు చదివే అబ్బాయి ఈ రోజు తెచ్చుకున్న పాము, అతని పిల్లలు ఇంటరుకు వచ్చేనాటికీ ఉండవచ్చు. హాస్టలుకో, ఉద్యోగానికి బెంగుళూరుకో, హైదరాబాదుకో వెళ్ళినప్పుడు దానిని చూసేది ఎవరు అన్నది ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. పాము తిండి లేకుండా రెండు వారాలు ఉండగలదు కాబట్టి కొద్దిరోజుల ప్రయాణాలు కష్టం కాదు, కాని వేసవిలో ఒక్క రోజు కూడా చూసేవారు లేకుండా వదిలి వెళ్ళకూడదు. నా దగ్గర తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంటుంది: ఎన్ని డిగ్రీలు దాటితే సీసాలు పెట్టాలి, కుండను ఎప్పుడు తడపాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఎదురింటివారు చదివి చేయగలిగేలా పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి.

ఇక పెంచలేమన్న పరిస్థితి వస్తే, చీకటి పడ్డాక హంద్రీ ఒడ్డునో, నల్లమలలోనో వదిలేయాలన్న ఆలోచన రానీయకండి. అది బతకకపోవచ్చు, బతికితే, అది మోసుకెళ్ళిన పురుగులు, జబ్బులు మన అడవి పాములకు సోకవచ్చు, ఊరివాళ్ళ కంటపడితే పింజర అనుకుని కొట్టి చంపుతారు. నమోదు ఉన్న మరొక పెంపకందారు పేరుకు పరివేష్‌లోనే బదిలీ చేయించి అప్పగించాలి, అది కుదరకపోతే జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. పాము చనిపోయినా అదే విధంగా తెలియజేసి నమోదును మూయించాలి. పెట్టెను పారేయకుండా బ్లీచింగ్ కలిపిన నీటితో కడిగి రెండు రోజులు ఎండలో ఆరబెట్టండి. మన ఎండ అందుకు బాగా పనికొస్తుంది.